గాలి కదలని రాత్రికి కూడా పటం గీయించండి: పరిశ్రమల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములు.

ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే కర్మాగారాలు తమ అత్యవసర ప్రణాళికలకు జతపరిచే విషవాయు వ్యాప్తి పటాల గురించి ఈ లేఖ రాస్తున్నాను. పగటిపూట వీచే సగటు గాలిని ఆధారంగా తీసుకుని లెక్క కడితే వాయువు త్వరగా పలచబడి, ప్రమాద పరిధి చిన్నదిగా కనిపిస్తుంది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెలువడింది మాత్రం జనం నిద్రలో ఉన్న వేళ. నిర్మలమైన రాత్రుల్లో నేల చల్లబడి, దానిపైన వెచ్చని గాలి పొర మూతలా నిలిచిపోతుంది కనుక విషం పైకి పోక నేలబారుగానే చాలా దూరం సాగుతుంది.

పైగా ఆ రెండు ఆవిర్లూ గాలికంటే బరువైనవి. ప్రమాదకర రసాయనాల్లో మరొకటైన క్లోరిన్ కూడా గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. ఇలాంటి వాయువు మొదట కుంగి, పక్కలకు పరుచుకుని, పల్లం వెతుక్కుంటూ పారుతుంది. పొగగొట్టం నుంచి వెలువడే పొగ ఎలా వ్యాపిస్తుందో లెక్కకట్టడానికి తయారైన గాసియన్ సూత్రానికి ఈ నడక తెలియదు. అమెరికా ప్రభుత్వ సంస్థలు ఉచితంగా అందించే అలోహా సాఫ్ట్‌వేర్ బరువైన వాయువులను లెక్కించగలదు. అయినా గాలి బాగా మందగించినప్పుడు, కొండలు అడ్డున్నప్పుడు దాని ఫలితాన్ని నమ్మరాదని తయారుచేసినవారే హెచ్చరించారు. రంగుల పటం చేతికొచ్చాక ఆ హెచ్చరికను ఎంతమంది చదువుతారన్నది వేరే సంగతి.

అన్నిటికన్నా పెద్ద సందేహం ఎంత వాయువు బయటపడుతుందన్న దగ్గరే ఉంది. ఒత్తిడిలో ద్రవంగా ఉన్న క్లోరిన్ ట్యాంకుకు రంధ్రం పడితే, మామూలు వేడిమిలో దాదాపు ఐదో వంతు అప్పటికప్పుడే ఆవిరవుతుంది. మిగిలినదానిలో చాలాభాగం సన్నని తుంపరలుగా ఆ మేఘంతోనే కలిసి పోవచ్చు. ఆవిరైన భాగాన్ని మాత్రమే లెక్కలో చూపితే మేఘం కాగితం మీద చిక్కిపోతుంది. హద్దుగా ఎంచుకునే గాఢత సంగతీ అంతే: క్లోరిన్‌ను గంటసేపు పీలిస్తే ప్రాణాపాయం కలిగించే 20 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 20 భాగాలు) దగ్గర గీత గీస్తే, తీవ్ర అనారోగ్యం మొదలయ్యే 2 పీపీఎం పరిధిలోని ఇళ్లన్నీ పటం బయటే మిగిలిపోతాయి.

అందుచేత ప్రతి ప్రణాళికలోనూ గాలి పొరలు ఒకదానితో ఒకటి కలవని అత్యంత నిలకడైన రాత్రి వాతావరణానికి, సెకనుకు 1.5 మీటర్ల గాలికి ప్రత్యేక పటం ఉండాలని ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అమెరికా నిబంధనలు తీవ్రతమ ప్రమాదాన్ని అంచనా వేయడానికి వాడేది ఈ కొలతలనే. రంధ్రం పరిమాణం, తుంపరల వాటా, హద్దు గాఢత ఏమేమి అనుకున్నారో పటం పక్కనే ముద్రించి చుట్టుపక్కల నివాసులకు అందుబాటులో ఉంచాలి. ఆ వివరాలు లేని ప్రణాళికలు మీ ముందుకు వస్తే ఆమోదించకుండా వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక రసాయన భద్రతా ఇంజినీరు