బీఎడ్ చేయాలా వద్దా తేల్చుకోలేక, విద్యాశాఖ మంత్రి గారికి ఒక తల్లి రాస్తున్న లెటర్

విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను వనస్థలిపురంలో ఉంటా సార్, 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. పెద్దది ఆరో తరగతి, చిన్నోడికి రెండున్నర. 2010లో కోఠీ ఉమెన్స్ కాలేజీలో బీఎస్సీ అయిపోయింది, ఆ తర్వాత పెళ్ళి, ఇల్లు, అంతే. 2024లో ప్రభుత్వం చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టిన యూనివర్సిటీ అదే, పేరు మంచిగనే పెట్టిండ్రు, కానీ మాకు ఇప్పటికీ అది కోఠీ కాలేజే.

మా పాపకి లెక్కలు చెప్తుంటే పక్క ఫ్లాట్ల పిల్లలు కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టిండ్రు, ఇప్పుడు ఆరుగురు అయిండ్రు. అందులో ఒకడు మీరు ఏ స్కూల్ టీచర్ ఆంటీ అని అడిగిండు. టీచర్ని కాదురా అన్న. ఆ రాత్రి నుంచే బీఎడ్ గురించి ఫోన్‌లో వెతుకుడు పెట్టిన.

బీఎడ్ ఎంట్రన్స్ ఎడ్‌సెట్‌కి పై వయసు లిమిట్ లేదని తెలిసి భలే సంతోషపడ్డ. మా ఆయన కూడా రాయి అన్నడు. అసలు కథ ఆ తర్వాత మొదలైంది సార్. ఇంట్లో ఉండి చదువుదాం అనుకుంటే దూరవిద్యలో బీఎడ్ ఆల్రెడీ టీచర్ ట్రైనింగ్ అయినవాళ్ళకే ఇస్తరు, నా లాంటి ఉట్టి డిగ్రీ వాళ్ళకి కాదు. 1982లో మన దగ్గరే ఓపెన్ యూనివర్సిటీ పెట్టుకున్నం, దేశంలో మొదటిది అదే, అయినా ఈ ఒక్క కోర్సుకి ఆ తలుపు నాకు మూసే ఉంది. సరే రెగ్యులర్ చేద్దాం అంటే ఏడాదికి 200 రోజులు, వారానికి 36 గంటలు, క్లాసులకి 80 శాతం అటెండెన్స్, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలి. ఈ రూల్ తప్పని నేను అనను, పిల్లల ముందు నిలబడకుండా టీచర్ ఎట్ల అయితరు? కాకపోతే ఆ 36 గంటలు మా చిన్నోడు ఎక్కడ ఉండాలి?

మా అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, వాడి వెంట ఉరకలేదు. మా అమ్మ నల్గొండలో ఉంటది, మా నాన్నని వదిలి రాలేదు. మా ఆయనకి షిఫ్ట్ డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అంగన్‌వాడీలో కూర్చోబెడదాం అంటే ఇంకా మూడేళ్ళు నిండలేదు, నిండినా నేను మాసబ్ ట్యాంక్ గవర్నమెంట్ కాలేజీ నుంచి కోఠీ ట్రాఫిక్‌లో పడి ఇల్లు చేరేసరికి వాడిని ఎవరు తీసుకొస్తరు? ప్రైవేట్ డే కేర్ వాళ్ళు చెప్పిన ఫీజు విని ఫోన్ పెట్టేసిన.

ఇంకో దారి కూడా ఉంది, మీకు తెలియనిది కాదు. ఒక ప్రైవేట్ కాలేజీకి పోతే అక్కడ కూర్చున్నాయన మీరు రానవసరం లేదు మేడం, పరీక్షలు రాస్తే చాలు, అటెండెన్స్ మేం చూసుకుంటం, దానికి వేరే అమౌంట్ అని పప్పు ఉప్పు ధర చెప్పినట్టు చెప్పిండు. నా ముందే ఇద్దరు తల్లులు కట్టి పోయిండ్రు. వాళ్ళని ఒక్క మాట అనను, వాళ్ళ ఇంట్లో కూడా రెండున్నరేళ్ళోడు ఉండి ఉంటడు. కానీ నేను నేర్చుకుందామని పోతున్న సార్, సర్టిఫికెట్ కొనుక్కోనీకి కాదు.

50 మంది, ఆపైన పనిచేసే ఆఫీసుల్లో పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో చట్టం తెచ్చిండ్రు కదా. అదే ఒక కాలేజీలో వందల మంది ఆడపిల్లలు, తల్లులు చదివితే అది వర్తించదు, ఎందుకంటే మేం ఉద్యోగులం కాదు, స్టూడెంట్లం. కడుపుతో ఉన్న స్టూడెంట్లకి సెలవు ఇవ్వాలని 2021లో యూజీసీ యూనివర్సిటీలకి లెటర్ కూడా రాసింది. కాన్పు దాకా ఆలోచించిండ్రు, కన్నాక బిడ్డని ఏం చేయాలో ఎవరూ ఆలోచించలే.

చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్ళ గురించి ఎవరూ పట్టించుకోలేదని కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు నడిపిన సెంట్రల్ సోషల్ వెల్ఫేర్ బోర్డు 1958లోనే పెద్ద వయసు ఆడవాళ్ళ కోసం తక్కువ టైమ్‌లో చదువు పూర్తయ్యే కండెన్స్‌డ్ కోర్సులు పెట్టింది. ఆమె మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ మన విద్యానగర్ దగ్గరే ఉంది, బస్సులో పోతుంటే బోర్డు కనిపిస్తది, ఈ మధ్య ఆ బోర్డు చూసినప్పుడల్లా కొంచెం రోషం వస్తుంది.

బస్సు సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్న, 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీగా జీరో టికెట్ పెట్టిండ్రు, అందుకు నిజంగా థాంక్స్, రోజూ రానుపోను ఛార్జీల లెక్క నాకు తప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మాత్రం వయసు లిమిట్ ఉంది, 36కి నాకు రాదు. ఎంట్రన్స్‌కి అడ్డం కాని వయసు ఫీజు దగ్గర ఎందుకు అడ్డమైతదో మీ ఆఫీసులో ఎవరన్నా చెప్తే వింట. అయినా ఫీజు ఎట్లనో కట్టుకుంట, నా దగ్గర రెండు గాజులు ఉన్నయి.

నేను అడిగేది ఒక గది సార్. మాసబ్ ట్యాంక్ కాలేజీలో గానీ, కోఠీలో గానీ, ముందు ఒక్క చోట పెట్టి చూడండి. నాలుగు చాపలు, ఒక ఆయమ్మ, తాళం వేసే గేటు, నీళ్ళు, బాత్రూం. క్లాసులు అయ్యేదాకా పిల్లలు అక్కడ ఉంటరు. నెలకి ఇంత అని మేమే వేసుకోమన్నా వేసుకుంటం. అదీ కుదరదంటే, అవే 36 గంటలు, అదే అటెండెన్స్ ఉంచి, పొద్దున బ్యాచ్, సాయంత్రం బ్యాచ్ అని రెండు పెట్టండి, మా ఆయన షిఫ్ట్ చూసుకొని నేను ఏదో ఒకటి పట్టుకుంట.

ఎడ్‌సెట్ ఫారం సగం నింపి ఉంది, ఫోటో పెట్టే దగ్గర ఆపిన. పరీక్ష ఫీజు పోతే పోయింది గానీ సీటు వచ్చినాక వదిలేసుకోవాల్సి వస్తే మా పాప ముందు తల ఎత్తుకోలేను, నేను రాస్తున్ననని అది క్లాసులో అందరికీ చెప్పింది. అందుకే అడుగుతున్న, ఈ ఏడాది ఆ గది వస్తదా రాదా, అవునో కాదో చెప్తే చాలు.

ఇట్లు,
వనస్థలిపురం నుంచి ఇద్దరు పిల్లల తల్లి