గ్లేసియర్ పార్క్ గ్రాంట్‌కి రాస్తున్నవాళ్లు చూడండి

అందరికీ నమస్తే. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్ రీసెర్చ్ గ్రాంట్‌కి డ్రాఫ్టులు రాస్తున్నవాళ్ల కోసం ఈ మెసేజ్.

'మంచు కరిగిపోతోంది' అని మొదలుపెట్టకండి. 0.1 చదరపు కిలోమీటరు దాటిన హిమానీనదాలు 1966లో 35, 2015 నాటికి 26. ఈ లెక్క అక్కడివాళ్లకు కంఠతా వచ్చు. కరిగితే ఎవరికి నష్టమో రాయండి. మెల్ట్‌వాటర్ స్టోన్‌ఫ్లై అనే చిన్న పురుగునే తీసుకోండి. మంచు కరిగి దిగే చల్లటి వాగుల్లో, రాళ్ల సందుల్లో బతుకుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా పైకి పోవడానికి చోటుండదు. 2019లో దాన్ని అమెరికా అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం కిందికి తెచ్చారు. వైట్‌బార్క్ పైన్ చెట్టు కూడా మంచి టాపిక్కే; దాన్ని బ్లిస్టర్ రస్ట్ తెగులు తినేస్తోంది. నా ఓటు మాత్రం పురుగుకే!

గ్రాంట్ వస్తే పనైపోయినట్టు కాదు. శాంపిళ్లు తీయాలంటే నేషనల్ పార్క్ సర్వీస్ రీసెర్చ్ పర్మిట్ విడిగా తీసుకోవాలి, ఏటా రిపోర్టు ఇవ్వాలి. పార్కులో కొండపైకి వెళ్లే రోడ్డు మీద మంచు తీసేసరికే చాలాసార్లు జూన్ చివరో జూలైయో అవుతుంది. ఫీల్డ్ వర్క్ తేదీలు, బడ్జెట్ దాన్నిబట్టి వేసుకోండి. డ్రాఫ్టులు ఇక్కడే పెట్టండి, చూస్తాను.