స్కూల్ బస్సు స్టాపు మార్చడంపై ఫిర్యాదు

ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం.

మీ కంపెనీ నడిపే స్కూల్ బస్సులో మా మనవరాలు రోజూ బడికి వెళ్లొస్తుంది. రెండో తరగతి. నాగోలు నుంచి ఎల్బీ నగర్ వెళ్లే ఇన్నర్ రింగ్ రోడ్డు మీద, అల్కాపురి వైపు ఉంటుంది మా కాలనీ. పోయిన సంవత్సరం దాకా సాయంత్రం బస్సు ఎల్బీ నగర్ వైపు కొంచెం ముందుకెళ్లి, యూటర్న్ తీసుకుని మా కాలనీ గేటు ముందే ఆగేది. ఈ జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి పిల్లల్ని రోడ్డుకు అవతలే దించేసి వెళ్లిపోతోంది. మా స్టాపులో దిగేది తొమ్మిది మంది. అందులో ఇద్దరు ఎల్‌కేజీ పిల్లలు.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగాల నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది కాబట్టి పాపను తీసుకొచ్చేది నేనే. పోయిన బుధవారం వాన పడుతోంది. రోజూ 4:20కి వచ్చే బస్సు పది నిమిషాలు ముందే వచ్చేసింది. నేనింకా డివైడర్ దగ్గరే ఉన్నాను. పెద్దవాళ్లెవరైనా వచ్చారా అని చూడకుండానే డ్రైవర్ పిల్లల్ని దించేశాడు. నన్ను చూసి పాప "తాతా" అంటూ బస్సు ముందు నుంచి పరుగెత్తుకొచ్చింది. అదే సమయానికి బస్సు పక్క నుంచి ఓ బైకు దూసుకొచ్చింది. ఆ అబ్బాయి గట్టిగా బ్రేకు వేసి తడి రోడ్డు మీద జారిపడ్డాడు. బైకు పాప చేతిలోని లంచ్ బ్యాగుకు తగిలి ఆగింది. తన మోచెయ్యి దోక్కుపోయినా ముందు పాపను ఎత్తి డివైడర్ దాటించింది ఆ అబ్బాయే. అతనికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. మీ డ్రైవర్ కిటికీలోంచి చూసి, "ఇంకా మూడు స్టాపులున్నాయి పెద్దాయనా" అని వెళ్లిపోయాడు.

అతన్ని తిట్టడానికి నాకు మనసు రాలేదు. నేను ఆర్టీసీలో 28 ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాను. అన్నేళ్లలో కండక్టర్ "రైట్ రైట్" అనకుండా బండి కదిలించలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుంటే బంపర్ ముందు నిలబడ్డ చిన్నపిల్ల తల కూడా కనబడదు. స్కూల్ బస్సుకు ముందు గుండ్రటి అద్దాలు పెట్టేది అందుకే. మీ బస్సుకు ఎడమవైపు అద్దం విరిగి స్టాండు మాత్రమే మిగిలింది. పోయిన ఏడాది ఉన్న ఆయమ్మను కూడా తీసేశారు. పిల్లల్ని ఎక్కించి దించడానికి అటెండెంట్ తప్పకుండా ఉండాలని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. ఆ బస్సులో ఇప్పుడు "రైట్" అనే మనిషే లేదు.

ఆ రోడ్డును నేను అడుగులేసి కొలిచాను. డివైడర్‌కు ఒక్కో వైపు దాదాపు పది మీటర్లుంది. బ్యాగు మోసుకుంటూ చిన్నపిల్ల ఒక వైపు దాటడానికే పది సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దాటుతుంది. అంటే పిల్ల రోడ్డు మీద ఉన్న ఆ పది సెకన్లలో 160 మీటర్ల అవతల ఉన్న బండి కూడా మీదికి వచ్చేస్తుంది. వానలో బ్రేకులు ఎలా పడతాయో మీకు చెప్పక్కర్లేదు. అమెరికాలో స్కూల్ బస్సు ఆగి ఎర్ర లైట్లు వేస్తే వెనకొచ్చే బండ్లు ఆగి తీరాలి, అది అక్కడి చట్టం. మన దగ్గర బస్సు ఆగగానే అందరూ దాన్ని దాటిపోవాలనే చూస్తారు. అందుకే ఇక్కడ బస్సే పిల్లల వైపుకు రావాలి.

మీ ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేశాను. రూటు మార్చడం కుదరదని, దిగాక పిల్లల్ని దాటించుకోవాల్సింది తల్లిదండ్రులేనని చెప్పారు. ఆ యూటర్న్ కోసం బస్సు అదనంగా తిరగాల్సింది కిలోమీటరున్నర. లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇచ్చే బండికి రోజుకు ముప్పై రూపాయల డీజిల్. ఒక్కో పిల్లకు నెలకు 2,800 రూపాయలు తీసుకుంటున్నారు. ఆ ముప్పై రూపాయల కోసం తొమ్మిది మంది పిల్లల్ని ఆ రోడ్డు మీద వదిలేస్తారా? ఆ రోజు నుంచి నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. బ్రేకు చప్పుడే చెవుల్లో వినబడుతోంది.

బస్సు మళ్లీ మా కాలనీ గేటు ముందే ఆగాలి. ఆయమ్మను తిరిగి పెట్టండి. అద్దం మార్చేదాకా ఆ బండిని రోడ్డెక్కించకండి. తీసుకెళ్లడానికి ఎవరూ రాకపోతే పిల్లను బస్సులోనే ఉంచి ఇంటికి ఫోన్ చేయమని డ్రైవర్లందరికీ రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. ఈ లేఖ కాపీ ప్రిన్సిపాల్ గారికి కూడా ఇస్తున్నాను. వారంలోగా మార్పు కనబడకపోతే బస్సు ఫొటోలతో ఆర్టీఏ ఆఫీసుకు వెళ్తాను.

సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు ఆ స్టాపులోనే ఉంటాను. వీలైతే మీరే రండి, లేదా రూటు వేసినాయన్ని పంపండి. పిల్లలు దిగేటప్పుడు నా పక్కన నిలబడి చూస్తే చాలు.

ఇట్లు,
రెండో తరగతి విద్యార్థిని తాతయ్య