బ్రిక్‌టాప్ ‘అతను’ కాదు, ఆమె

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పారిస్ రాత్రుల గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అందులో ఒకచోట ‘బ్రిక్‌టాప్ తన క్లబ్బుకు వచ్చిన రచయితలను పేరుపేరునా పలకరించేవాడు’ అని ఉంది. పలకరించడం నిజమే కావచ్చు గానీ, పలకరించినది మగవాడు కాదు, పారిస్‌లో పాటలు, నృత్యాలు సాగే రాత్రి క్లబ్బు నడిపిన ఒక అమెరికన్ గాయని. క్లబ్బు యజమాని అనగానే మన కలం దానంతటదే ‘వాడు’ వైపు మళ్లుతుంది కనుక ఇది అచ్చుతప్పు కాదేమోనని నా అనుమానం. అందుకే ఈ లేఖ కాస్త పొడుగైనా ఓపికగా చదవమని కోరుతున్నాను.

ఆమె 1894 ఆగస్టు 14న అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, ఆల్డర్సన్ అనే చిన్న ఊళ్లో, ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. పేరు అడా బియాట్రిస్ క్వీన్ విక్టోరియా లూయిస్ వర్జీనియా స్మిత్. ఇరుగుపొరుగు వారు తలా ఒక పేరు సూచిస్తే, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక తల్లిదండ్రులు అన్నీ కలిపి పెట్టేశారట. బారసాలనాడు నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు, ఒక ఇలవేల్పు పేరు కలిపి పెట్టి, చివరికి ‘చిట్టి’ అని పిలుచుకునే మనకు ఇది వింతగా తోచదు. తండ్రి క్షురకుడు, ఆమె పసితనంలోనే పోయారు. తల్లి పిల్లలను వెంటబెట్టుకుని షికాగో చేరి, గదులు అద్దెకిచ్చే ఇల్లు నడుపుతూ వారిని పెంచారు. వచ్చేపోయేవారిని కనిపెట్టి చూడడం, ఎవరి దగ్గర ఎంత రావాలో మనసులో ఉంచుకోవడం కూతురికి ఆ ఇంట్లోనే అబ్బి ఉంటుందని నేననుకుంటాను.

పదహారేళ్లకే ఆమె ఊరూరా తిరిగే వినోద ప్రదర్శనల బృందాల్లో పాడడం మొదలుపెట్టారు. బాక్సింగ్ చాంపియన్ జాక్ జాన్సన్ షికాగోలో నడిపిన కెఫేలోనూ పాడారు. తర్వాత న్యూయార్క్‌లో నల్లజాతి వారి పేట అయిన హార్లెంలో క్లబ్బు నడిపే బ్యారన్ విల్కిన్స్ ఆమె ఎర్రని జుట్టు చూసి ‘బ్రిక్‌టాప్’ అన్నాడు. ఇటుకరంగు తల అని అర్థం. ఆ పేరే నిలిచిపోయింది. తర్వాత జాజ్ సంగీతంలో మహా పేరు తెచ్చుకున్న, అప్పట్లో ఇంకా కుర్రవాడైన డ్యూక్ ఎల్లింగ్టన్ వాయించే బృందాన్ని తన క్లబ్బులో పెట్టుకోమని విల్కిన్స్‌కు చెప్పినది కూడా ఆమే. ఎవరిలో సరుకుందో గుర్తించే ఈ చూపు యజమానికి ఉండవలసినదే గాని, పాటగత్తెకు అవసరమైనది కాదు. గాత్రం మాటకొస్తే, ఆమెది అంత గొప్ప గొంతు కాదని అభిమానులే ఒప్పుకుంటారు.

1924లో పారిస్ నుంచి పిలుపు వచ్చింది. మోంమార్త్ర్ ప్రాంతంలోని ‘ల గ్రాన్ ద్యూక్’ అనే క్లబ్బులో పాడే ఫ్లోరెన్స్ జోన్స్ వేరేచోటికి వెళ్లిపోవడంతో ఆ స్థానంలోకి ఈమెను రప్పించారు. సముద్రం దాటి వచ్చిన ఆమె లోపల అడుగుపెట్టి చూస్తే, ఒక చిన్న బారు, పన్నెండు బల్లలు. అది ముందుగది అనుకుని, అసలు క్లబ్బు ఎక్కడ అని అడిగారు. ఇదే అని తెలిసేసరికి ఏడుపు ఆగలేదు. అప్పుడు వంటింట్లోంచి ఒక యువకుడు వచ్చి, ఆమెను ఊరడించి, తినడానికి ఏదో పెట్టాడు. అంట్లు తోమే ఆ కుర్రవాడే తెలుగు కవితాప్రియులు కూడా ఎరిగిన కవి లాంగ్‌స్టన్ హ్యూజ్. మీ వ్యాసకర్త అమెరికన్ రచయితలు ఫిట్జెరాల్డ్‌ను, హెమింగ్వేను తలచుకున్నారు. ఈ వంటింటిని మాత్రం తలచుకోలేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి, అందులో సగం కాలం చిరువ్యాపారులకు అప్పులిచ్చే బల్ల దగ్గరే గడిపినవాడిని కనుక, ఆ తర్వాతి కథ నాకు మరింత రుచించింది. పాట వినడానికి వచ్చిన సంగీతకర్త కోల్ పోర్టర్, అప్పుడప్పుడే ఊపందుకుంటున్న చార్ల్‌స్టన్ నృత్యం ఆమె చేస్తుండగా చూసి, తన ఇంటికి వచ్చే ధనిక మిత్రులకు నేర్పమని కోరాడు. పాఠం నేర్చుకున్నవారు రాత్రికి ఆమె పాడే క్లబ్బుకు వచ్చారు. ఖాతాదారులను సంపాదించడం అంటే ఇదే. ఈ బలంతోనే ఆమె 1920ల మధ్యలో సొంతంగా క్లబ్బు తెరిచారు. తర్వాత తన పేరే బోర్డు మీద పెట్టుకున్నారు.

కాలం కూడా కలిసివచ్చింది. అమెరికాలో 1920 నుంచి మద్యనిషేధం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు డాలరుకు సుమారు 5 ఫ్రాంకులు (అప్పటి ఫ్రాన్స్ నాణెం) వచ్చేవి. 1926 వేసవి నాటికి 40 దాటాయి. జేబులో డాలర్లున్న అమెరికన్‌కు పారిస్‌లో షాంపేన్ సీసా చవక, చట్టభయం లేదు. దీనికి తోడు ఇంకొక విషయం ఉంది, అది మీ వ్యాసంలో రాకపోవడమే నాకు పెద్ద లోటనిపించింది. అదే కాలంలో హార్లెంలోని ప్రసిద్ధ కాటన్ క్లబ్బులో వేదిక మీద నల్లజాతి కళాకారులు పాడేవారు గాని, నల్లజాతి వారిని ప్రేక్షకులుగా లోనికి రానిచ్చేవారు కారు. అటువంటి దేశం నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ, తన గుమ్మం దగ్గర తాను నిలబడి, ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో చెప్పగలిగారు. ఫ్రాన్స్ మహా ఉదారమని నేననడం లేదు. దాని అప్పటి వలసల్లోని ప్రజలను అడిగి ఉంటే వేరే మాట చెప్పేవారు. కాని ఆ గుమ్మం ఆమెది.

1929లో అమెరికా షేరు మార్కెట్ కుప్పకూలింది. డాలర్లవారు ఓడలెక్కి వెళ్లిపోతున్న ఆ రోజుల్లోనే, 1931లో, ఆమె పారిస్‌లోనే ర్యూ పిగాల్ వీధి 66వ నంబరులో మునుపటికన్నా పెద్ద క్లబ్బు తెరిచారు. నేనైతే ఆ అప్పు కాగితం మీద సంతకం పెట్టి ఉండేవాణ్ని కాదు. అక్కడ పాడడానికి ఇంగ్లండ్‌లో పుట్టిన మేబెల్ మెర్సర్‌ను తీసుకున్నారు. ఈమె తర్వాత న్యూయార్క్‌లో గొప్ప పేరు తెచ్చుకున్నారు. తనకంటే బాగా పాడే మనిషిని పిలిచి తన వేదిక అప్పగించడం గాయనిగా ఎంత కష్టమో, యజమానిగా అంత అవసరం. ఆ దశాబ్దం చివరికి వ్యాపారం సన్నగిల్లింది. 1939లో యుద్ధం మొదలయ్యాక, సింహాసనం వదులుకున్న బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ భార్య విండ్సర్ డచెస్ తదితరుల సాయంతో బ్రిక్‌టాప్ ఓడెక్కి అమెరికా చేరుకున్నారు.

అమెరికాలో ఆమెకు కుదరలేదు. పొగాకు వ్యాపారకుటుంబపు వారసురాలు డోరిస్ డ్యూక్ సాయంతో మెక్సికో నగరం వెళ్లి అక్కడ కొన్నేళ్లు క్లబ్బు నడిపారు. 1950లో మళ్లీ పారిస్ వచ్చి ప్రయత్నించారు. ఆ పాత ఊరు లేదు. 1951లో రోమ్‌లో వియా వెనెటో వీధిలో మళ్లీ బోర్డు కట్టారు. అప్పటికి ఆమెకు యాభై ఏడేళ్లు. మా బ్యాంకులో ఆ వయసుకు పింఛను లెక్కలు వేసుకుంటాం. 1960ల ఆరంభం దాకా సినిమా తారలు, ధనవంతులు ఆ క్లబ్బుకు వచ్చిపోయారు. కట్టడాలు, ఫర్నిచరు ప్రతిసారీ వెనకే వదిలిపెట్టవలసివచ్చింది. వెంట వచ్చినది ఆ ఒక్క పేరు. తనఖా పెట్టుకోవడానికి వీలులేని ఇలాంటి ఆస్తికి మా దస్తావేజుల్లో గడి ఉండేది కాదు.

1983లో, సహ రచయిత జేమ్స్ హాస్కిన్స్‌తో కలిసి, ఆమె ఆత్మకథ వెలువరించారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూశారు.

మీరు సవరణ వేస్తారన్న నమ్మకంతో ఒక చిన్న మనవి చేస్తున్నాను. ‘అతను అన్నచోట ఆమె అని చదువుకోగలరు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, దయచేసి ఆమె పూర్తి పేరు అచ్చువేయండి. కాలమ్ వెడల్పులో ఇమడకపోతే రెండు వరుసలు పట్టినా పరవాలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారి,
రాజమహేంద్రవరం