ఫోను తెరకు సరిపడే పుట

ప్రియమిత్రమా,

మీ నాన్నగారి కథలూ పద్యాలూ టైపు చేయడం పూర్తయిందని, ఇక ఏ సైజులో పీడీఎఫ్ చేయాలో తేల్చుకోలేకపోతున్నావని రాశావు. నీవు పంపిన నమూనాను మొదట కంప్యూటరులో, తరువాత ఫోనులో చదివాను. కంప్యూటరులో ఎంతో నిండుగా కనిపించిన పుట ఫోనులో చదవడానికి వీలు లేకుండా పోయింది. ఆయన రచనలకు అలా జరగడం నాకు మనస్కరించక ఇంత వివరంగా రాస్తున్నాను.

నీ నమూనాకు తీసుకున్న ఏ4 పుట వెడల్పు 210 మిల్లీమీటర్లు. నిలువుగా పట్టుకున్న ఫోను తెర వెడల్పు సుమారు 70. పుట అంతా మూడో వంతుకు కుదించుకుపోతుంది కనుక నీవు 12 పాయింట్లలో పెట్టిన అక్షరం 4 పాయింట్ల అక్షరంగా కనిపిస్తుంది. ఆ కొలతలో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు, అక్షరం కింద ఉన్నది త ఒత్తో న ఒత్తో పోల్చుకోలేము. పెద్దది చేసుకుంటే ప్రతి పంక్తికీ పుటను కుడికీ ఎడమకీ జరుపుకోవాలి. అలా రెండు పుటలు చదివేసరికి ఎంత ఇష్టమైన కథ అయినా విసుగు పుడుతుంది.

అందుచేత కథలనూ పద్యాలనూ రెండు వేరు ఫైళ్లుగా చేయమని నా సలహా. కథలకు ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫైలు రకం మేలు. అందులో పుట సైజు అన్నదే ఉండదు. తెర వెడల్పును బట్టి వాక్యాలు వాటంతట అవే సర్దుకుంటాయి, అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలో చదివేవారే నిర్ణయించుకుంటారు. అయితే పుట సంఖ్యలు నిలకడగా ఉండవు కనుక విషయసూచికలో సంఖ్యలకు బదులు ప్రతి కథ పేరుకూ లింకు ఇవ్వాలి.

పద్యాల సంగతి వేరు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. ఈపబ్‌లో ఎవరైనా అక్షరాలు పెద్దవి చేస్తే పాదం మధ్యలో విరిగి, మిగిలిన ముక్క కింది పంక్తికి జారుతుంది. చూసేవారికి అదే కొత్త పాదమనిపిస్తుంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకదాని కింద ఒకటి కనిపిస్తే ప్రాస కంటికి ఎంత అందంగా తెలుస్తుందో నీకు చెప్పనక్కరలేదు. ఆ అందం చెడకుండా ఉండాలంటే పుట కదలని పీడీఎఫే కావాలి. కాకపోతే ఏ4 కాదు, ఏ6 తీసుకో: 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 ఎత్తు. ఇందులో 15 పాయింట్ల అక్షరం ఫోనులో 10 పాయింట్లంత కనిపిస్తుంది, ఈ-పుస్తకాలు చదివే ఆరంగుళాల రీడరులో ఇంకా హాయిగా ఉంటుంది. పుస్తకమంతటిలోకీ పొడవైన పాదాన్ని ముందు పెట్టి చూడు. అది పట్టకపోతే అన్ని పద్యాలకూ అక్షరం అర పాయింటు తగ్గించు గానీ ఆ ఒక్క పాదాన్ని విరవకు.

పంక్తుల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంచు, లేకపోతే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి. కథల్లో కుడి అంచును సమం చేయవద్దు. మన సమాసాలు పొడవైనవి కనుక ఇరుకు తెరలో పంక్తికి మూడు నాలుగు మాటలే పడతాయి, వాటిని బలవంతంగా సాగదీస్తే మధ్యలో పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును ఫైలులోనే చేర్చడం మరువకు.

అచ్చు వేయించే ఆలోచన ఉంటే దానికి అచ్చు పుస్తకాలకు వాడే డెమీ సైజులో మరో ఫైలు చేసుకో. బైండింగు కోసం ఒక పుటకు ఎడమవైపు, మరో పుటకు కుడివైపు ఎక్కువ మార్జిన్ వదులుతారు. దాన్నే తెర మీద చదివితే పుట పుటకూ అక్షరాలు అటూ ఇటూ ఊగుతున్నట్టుంటుంది.

ఆ పొడవైన పాదం ఉన్న పుట ఒక్కటి ముందుగా పంపు. నా ఫోనులోనూ, మా అమ్మ టాబ్లెట్‌లోనూ తెరిచి చూసి, ఆమెకు కళ్లజోడు లేకుండా చదవగలిగేలా ఉందో లేదో వెంటనే రాస్తాను.

నీ మిత్రుడు