ఆయుధ పూజకు ముందు ఒక మాట

సంపాదకులు గారికి,

మాది హిందూపురం పక్క పల్లె. బెంగళూరు పీణ్యలో 19 ఏళ్లుగా ప్యానెల్ వైరింగ్ చేస్తున్నాను.

ఆయుధ పూజకు ముందురోజు ఇక్కడి వర్క్‌షాపుల్లో మిషన్లన్నీ తుడిచి విభూతి, కుంకుమ పెడతారు. లేత్‌కి పెట్టండి, కాదనను. కానీ కుర్రాళ్లు మెయిన్ దించిన మరుక్షణమే మోటారు వేగం మార్చే డ్రైవ్ ఉన్న ప్యానెల్ కూడా తెరిచేస్తారు. పోయినేడు మా హెల్పరే స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి మూలల్లో దుమ్ము తీస్తుంటే ఫటేల్మని మెరిసింది. బొటనవేలు కాలింది. ‘మెయిన్ ఆఫ్ చేశా కదన్నా’ అన్నాడు. తప్పు వాడిది కాదు, ముందే చెప్పని నాది.

ఈ డ్రైవ్‌లోకి వెళ్లిన 415 వోల్టుల ఏసీ, దాదాపు 580 వోల్టుల డీసీగా మారి కెపాసిటర్లలో నిలుస్తుంది. మెయిన్ దించినా వెంటనే దిగదు. ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది. డిస్‌ప్లే ఆరిపోయింది కదా అని నమ్మకూడదు. ఆగాక కూడా డీసీ ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టి చూడాలి. మీటరు నాబ్ ఏసీలో ఉంచి, సున్నా వచ్చిందని చేయి పెట్టబోయిన సీనియర్లనూ చూశాను!

పూజ మర్నాడు ఇంకో టెన్షన్. విప్పిన వైర్లు బిగించేటప్పుడు సప్లై వైర్లు డ్రైవ్‌లోని ఆర్, ఎస్, టీ టెర్మినళ్లకి, మోటారు వైర్లు యూ, వీ, డబ్ల్యూకి వెళ్లాలి. సప్లై తీసుకెళ్లి యూ, వీ, డబ్ల్యూకి ఇచ్చారా, డ్రైవ్ కాలిపోయినట్టే. మోటారు ఉల్టా తిరుగుతోందని సప్లై వైర్లు మారుస్తారు కొందరు. ఎన్నిసార్లు మార్చినా అది అటే తిరుగుతుంది. పవర్ ఆపి, పైన చెప్పినట్టే ఆగి, మోటారు వైపు రెండు వైర్లు మార్చాలి. రీవైండింగ్ నుంచి వచ్చిన మోటారుకి మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టాలంటే ముందు దాని వైర్లు డ్రైవ్ నుంచి విప్పండి. నేమ్‌ప్లేట్ మీది ఆంపియర్లు, ఆర్‌పీఎం డ్రైవ్‌లో ఎక్కించి, బెల్టు తీసేసి 5 హెర్ట్జ్‌లో, అంటే బాగా నెమ్మదిగా, తిప్పి చూడండి. దీనికి అరగంట అడిగితే ఓనర్లు మొహం చిట్లిస్తారు.

ఈసారి నేను చూసే 11 ప్యానెళ్ల తలుపుల మీద, ఎన్ని నిమిషాలు ఆగాలో కన్నడం, తెలుగు, హిందీలో పెయింటుతో రాయించాను. బొట్టు దాని పక్కనే, తలుపు బయటే పెట్టమన్నాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్, పీణ్య, బెంగళూరు