6 మి.మీ. యాంగిల్ అని బిల్లు చేసి 5 మి.మీ. పంపారు: సరుకు మార్పిడి కోరుతూ ఫిర్యాదు

రేణిగుంట రోడ్డు,
తిరుపతి.

సేల్స్ మేనేజర్ గారికి,

విషయం: ఆర్డరుకు సరిపోని ఎంఎస్ (మైల్డ్ స్టీలు) యాంగిల్, స్క్వేర్ పైపు, రౌండ్ కడ్డీ, వాటికి జత చేసిన టెస్ట్ సర్టిఫికెట్.

అయ్యా,

బంగారుపాళ్యం దగ్గర మామిడికాయల గ్రేడింగ్ షెడ్డు కోసం మీకు ఆర్డరు పెట్టిన సరుకు సోమవారం మా షాపులో దిగింది. ట్రస్సులకు (పైకప్పును మోసే చట్రాలకు) 50×50×6 యాంగిల్ (ఎల్ ఆకారపు కడ్డీ, రెక్కలు 50, మందం 6 మి.మీ.), పర్లిన్లకు (ట్రస్సుల మీద రేకును మోసే అడ్డకమ్మీలకు) 50×50×2 స్క్వేర్ పైపు (గోడ మందం 2 మి.మీ.), పునాది బోల్టులకు 20 మి.మీ. రౌండు, బేస్ ప్లేట్లకు 10 మి.మీ. ప్లేటు. ప్లేటు మీద ఫిర్యాదు లేదు. 250×250 ముక్క లెక్క ప్రకారం 4.9 కిలోలు ఉండాలి, అంతే తూగుతోంది. మిగతా మూడింటి గురించే ఈ ఉత్తరం.

యాంగిల్ 6 మీటర్ల లెంగ్తులు 60 వచ్చాయి, అంటే 360 మీటర్లు. 50×50×6 మీటరుకు 4.5 కిలోలు తూగాలి కాబట్టి మొత్తం 1,620 కిలోలు ఉండాలి. మీరు కాటా వేసి బిల్లు చేసింది 1,380 కిలోలకు. 360తో భాగించి చూడండి, మీటరుకు 3.83 వస్తుంది. 50×50×5 యాంగిల్ తూకం 3.8. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) తీయకముందే మీ బిల్లే సంగతి చెప్పేసింది. అయినా తీశాం. పది లెంగ్తుల్లో, కోసిన అంచు దగ్గర బర్రు (కోతకు లేచిన గరుకు) గీకేసి, మూల వంపుకు దూరంగా రెండు రెక్కలూ కొలిస్తే 5.0 నుంచి 5.2 మధ్య వచ్చింది.

ఫోనులో మీ మనిషి అన్న మాట: "తూకానికే కదండీ డబ్బు తీసుకున్నాం, మీకు నష్టమెక్కడ?" డబ్బు లెక్కలో నష్టం లేని మాట నిజమే. షెడ్డుకు ఉంది. 6 మి.మీ. యాంగిల్ అడ్డుకోత వైశాల్యం 568 చదరపు మి.మీ. ఇప్పుడొచ్చినది 488 దగ్గర ఉంది. లాగే బలం మోసే ట్రస్సు భాగాల్లో 14 శాతం అక్కడే పోయింది. వెల్డు కూడా తగ్గించాలి. గుండ్రని రోలింగ్ అంచు మీద ఫిల్లెట్ వెల్డు (రెండు ముక్కలు కలిసే మూలలో వేసేది) ఆ మందంలో ముప్పావు వంతు దాటకూడదు. 6 మి.మీ.కి 4.5 వేసుకోవచ్చు, 5.1కి 3.8తో ఆగాలి. అంటే డ్రాయింగులో ప్రతి జాయింటుకూ వెల్డు పొడవు మళ్లీ లెక్క కట్టాలి. ఆ పని ఇంజనీరుకు ఇస్తే వచ్చే బిల్లు ఎవరు కడతారు?

పైపు దగ్గర మాత్రం డబ్బూ పోయింది. 80 పైపులు, ఒక్కోటి 6 మీటర్లు, పైపుకింత అని ధర కట్టారు. 2 మి.మీ. గోడ ఉంటే మూలల వంపు తీసేసినా ఒక్కో పైపు 17.6 కిలోలకు దగ్గరగా తూగాలి. పది పైపులు కలిపి కాటా వేస్తే 144 కిలోలే వచ్చింది. ఒక్కో దాంట్లో 3.2 కిలోల లోటు, 80 పైపులకు 256 కిలోలు. లోపలి సీము (అతుకు) గీరను వదిలి నాలుగు గోడలూ కొలిస్తే 1.6 మి.మీ. వాడుకలో దీన్ని 16 గేజి అంటారు. మేం అడిగింది 14 గేజి. రోలింగులో కాస్త అటూ ఇటూ అవుతుందని మాకూ తెలుసు, దానికోసం ఎవరితోనూ తగాదా పడం. 20 శాతం లోటును టాలరెన్స్ అనలేం.

పర్లిన్‌గా చూస్తే 1.6 గోడ పైపుకు వంపును తట్టుకునే గట్టిదనం 18 శాతం తక్కువ. అదే రేకు, అదే గాలి, అదే దూరం మీద ఇది 22 శాతం ఎక్కువ వంగుతుంది. పర్లిన్ల ఎడం తగ్గించి సర్దుకోవచ్చు, కానీ అప్పుడు పైపులు ఇంకా కొనాలి. చవకలో ఆదా చేసింది అక్కడే పోతుంది. పైగా 2 మి.మీ. అనుకుని 3.15 మి.మీ. వెల్డింగ్ రాడ్డుతో ఆర్క్ కొడితే గోడ చిల్లు పడుతోంది. 2.5 రాడ్డు పెట్టి ఆంపియర్లు 70కి దించితే తప్ప సీము నిలవలేదు.

అన్నిటికంటే భయపెట్టేది రౌండ్ కడ్డీ. దీని సైజూ తూకమూ సరిగానే ఉన్నాయి, మీటరుకు 2.47 కిలోలు. తేడా లోపల ఉంది. మైల్డ్ స్టీలును జనం కొనేదే అది చెప్పిన మాట వింటుందని. చల్లగా వంచితే వంగాలి, డై తిప్పితే మర పడాలి, వెల్డు చేస్తే పక్కన పగలకూడదు. జె బోల్టులకని (పునాదిలో పాతే, జె అక్షరంలా వంచిన బోల్టులు) ఎనిమిది ముక్కలు చల్లగా వంచితే మూడింటికి వంపు బయటివైపు అడ్డంగా చీలిక వచ్చింది. మర కోస్తుంటే డై పళ్లు విరిగాయి. గ్రైండరు మీద పెడితే మైల్డ్ స్టీలు రవ్వలు పొడుగ్గా, పసుపు గీతల్లా పోతాయి, కొమ్మలు పెద్దగా ఉండవు. ఈ కడ్డీలో కొన్ని ముక్కలు కాకరపువ్వొత్తిలా చిమ్ముతున్నాయి. కార్బన్ ఎక్కువున్న ఇనుము తీరు అది. ఒకే కట్టలో రెండు రకాల రవ్వలు రావడం చూస్తే ఇది పాత తుక్కును వేడిచేసి మళ్లీ సాగదీసిన సరుకేమో అనిపిస్తోంది. పాత రైలు పట్టా లాంటి తుక్కులో కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం దాకా ఉంటుంది. మేం అడిగిన ఐఎస్ 2062 (ఉక్కుకు భారతీయ ప్రమాణం) ఇ250 ఎ గ్రేడులో గరిష్ఠం 0.23. కార్బన్ ఎక్కువున్న చోట వెల్డు చేసి వదిలేస్తే, త్వరగా చల్లారిన అంచు గాజులా పెళుసై పగులుతుంది. షెడ్డు రేకు కింద గాలి దూరి పైకి లేపేటప్పుడు పట్టుకునేవి ఈ బోల్టులే. వీటిని కాంక్రీటులో పాతేశాక ఎవరూ చూడలేరు.

ఇక మీరిచ్చిన టెస్ట్ సర్టిఫికెట్. ఒకటే జిరాక్సు, మూడు రకాలకూ కలిపి. దాని మీద ఉన్నది 2.0 మి.మీ. హాట్ రోల్డ్ కాయిల్ (చుట్టగా వచ్చే రేకు). పైపు కాయిల్ నుంచి వస్తుంది, సరే. యాంగిల్, రౌండు బిల్లెట్ (ఉక్కు దిమ్మె) నుంచి సాగదీసేవి. కాయిల్ కాగితం వాటికెలా వర్తిస్తుందో మాకు అర్థం కాలేదు. పైపు విషయంలోనైనా వచ్చింది 1.6 గనుక అదీ ఈ సరుకుది కాదు. కాగితం మీది హీట్ నంబరు (ఒక విడతలో కరిగించిన ఉక్కుకు మిల్లు ఇచ్చే నంబరు) ఏ కట్ట ట్యాగు మీదా లేదు. అసలు రెండు కట్టలకు ట్యాగులే లేవు. ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద ఉండాల్సిన సీఎం/ఎల్ లైసెన్సు నంబరు కూడా కనపడలేదు. ఉంటే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) కేర్ యాప్‌లో రెండు నిమిషాల్లో సరిచూసుకునేవాళ్లం.

చవక సరుకంటే మాకు చిన్నచూపు లేదు. కిటికీ గ్రిల్లుకు, గేటు నింపుడుకు, పశువుల కొట్టం అడ్డకట్టలకు 1.6 పైపు ధారాళంగా చాలు, మేమే వాడతాం. బరువు మోయని చోటికి రీరోలింగ్ పట్టీలు, కోత మిగులు ముక్కలు కూడా కొంటాం. కానీ దాన్ని దాని పేరుతో, దాని ధరకు అమ్మాలి. కొటేషన్ ఇచ్చేటప్పుడు కిలో ధర, కోత కూలి, లోడింగు, బాడుగ, 18 శాతం జీఎస్‌టీ విడివిడిగా రాయండి. పైపుకు కూడా కిలో లెక్కే కట్టండి. పైపుకింత అని చెప్పే ధరలో గేజి ఎంత దాక్కుందో కొనేవాడికి తెలియదు. చెన్నై యార్డు ధరతో పోల్చుకునేటప్పుడు మేం చూసేది ఇదే. మీ ధర కిలోకు రెండు రూపాయలు తక్కువని మీ దగ్గరికి వచ్చాం. పైపులో తగ్గిన 256 కిలోలు కలిపితే ఆ తగ్గింపు ఎటుపోయిందో మీరే లెక్కేసుకోండి.

మేం కోరేవి ఇవి. యాంగిల్ అంతా వెనక్కి తీసుకుని 50×50×6 పంపండి. 360 మీటర్లకు 1,620 కిలోలకు అటూ ఇటుగా తూగాలి, మా ఎదుట కాటా వేయాలి. రౌండు కడ్డీ పూర్తిగా వాపసు, వంచిన ఎనిమిది ముక్కలతో సహా. పైపుల్లో 30 మేం ఉంచుకుంటాం, వేరే గేటు పనికి పనికొస్తాయి, వాటికి 1.6 మి.మీ. కిలో ధర కట్టి తేడాకు జీఎస్‌టీ క్రెడిట్ నోటు ఇవ్వండి. మిగతా 50 మార్చండి. రానూపోనూ లారీ బాడుగ, దింపుడు కూలి మీవే. కొత్త సరుకు ప్రతి రకానికీ దాని హీట్ నంబరున్న సర్టిఫికెట్ విడిగా కావాలి.

యాంగిల్, పైపు, కడ్డీ నుంచి 300 మి.మీ. ముక్కలు రెండేసి కోసి, పెయింటుతో గుర్తు పెట్టి వేరుగా ఉంచాం. ఒక సెట్టు మీరు తీసుకెళ్లవచ్చు. మా కొలతలు ఒప్పుకోకపోతే రెండో సెట్టును ఎన్‌ఏబీఎల్ (పరీక్షా ల్యాబులకు గుర్తింపునిచ్చే బోర్డు) గుర్తింపున్న ల్యాబుకు పంపుదాం. సరుకు ఆర్డరుకు తగ్గట్టు ఉందని తేలితే పరీక్ష ఖర్చు మాది, లేకపోతే మీది. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని వస్తు విక్రయ చట్టం 1930 సెక్షన్ 15 చెబుతోంది. మీ బిల్లు మీదున్న "50×50×6" అలాంటి వర్ణనే.

ఈ ఉత్తరం అందిన పది రోజుల్లో లారీ పంపే తేదీ రాతపూర్వకంగా తెలపండి. గుర్తు లేని సరుకు సంగతి బీఐఎస్‌కు, బిల్లు సంగతి న్యాయవాదికి ఆ తర్వాతే చెబుతాం. అంతవరకు ఏ కట్టా కోయకుండా, వానకు తడవకుండా చెక్క దుంగల మీద పేర్చి పట్టా కప్పి ఉంచుతాం.

ఇట్లు,
ఫ్యాబ్రికేషన్ షాపు నిర్వాహకులు,
రేణిగుంట రోడ్డు, తిరుపతి.

జత: పర్చేజ్ ఆర్డరు, ఇన్‌వాయిస్, మీరిచ్చిన సర్టిఫికెట్ నకళ్లు, రెండు కాటా చీటీలు, వెర్నియర్ కొలతలు, చీలిన బోల్టుల ఫొటోలు.